జ్వరంతో పాటు ఉబ్బే ధమని (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ సభలో వైద్య విద్యార్థులు ఉన్నారు, నర్సింగ్ చదువుతున్నవారు ఉన్నారు, వైద్యంతో వృత్తిపరమైన సంబంధం ఏమీ లేకపోయినా తెలుసుకోవాలన్న ఆసక్తితో వచ్చినవారూ ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే అందరికీ తెలిసిన మాటలతో మొదలుపెట్టి, అవసరమైన చోట లోతుకు వెళతాను. ఈరోజు మాట్లాడబోయేది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వల్ల ధమనులు ఉబ్బిపోయే జబ్బు గురించి, అంటే ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే అనూరిజం గురించి. ఇది అరుదైన జబ్బు. అరుదైనదే అయినప్పుడు ఇంతమందిని కూర్చోబెట్టి ఎందుకు చెప్పాలి? గుర్తుపట్టడంలో రోజులు గడిచిపోతే మనిషి దక్కని జబ్బు కాబట్టి చెప్పాలి.

ముందుగా ఒక రోగి సంగతి చెబుతాను. ఆయన గుర్తులేవీ బయటపడకుండా, అవసరమైనంత మేరకే చెబుతాను. వయసు 68. చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది, ఒకప్పుడు బాగా పొగ తాగేవారు. మా దగ్గరికి రావడానికి నెల ముందు నాలుగు రోజుల పాటు విరేచనాలు, జ్వరం వచ్చి వాటంతట అవే తగ్గిపోయాయి. ఆ తర్వాత సాయంత్రం పూట చలితో జ్వరం రావడం, నడుము లాగేయడం మొదలైంది. ఒకచోట వెన్నుపూసల అరుగుదల అన్నారు, మరొకచోట మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. రెండు చోట్లా ఐదేసి రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. మందు వాడినన్నాళ్లూ జ్వరం తగ్గేది, ఆపిన రెండు మూడు రోజులకు మళ్లీ వచ్చేది. మధ్యలో ఒక అల్ట్రాసౌండ్ తీసి, పొట్టలోని బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరి శరీరమంతటికీ రక్తం తీసుకెళ్లే అతి పెద్ద ధమని) 3.1 సెంటీమీటర్ల వెడల్పు ఉందని, కొన్నాళ్ల తర్వాత మళ్లీ చూసుకోవాలని రాశారు. మా దగ్గరికి వచ్చిన మొదటి రోజు నేను కూడా ఆ కాగితం చదివి పక్కన పెట్టి, వెన్నెముక వైపే చూశాను. ఆ విషయం దాచుకోవలసిన అవసరం లేదు. మర్నాడు సీటీ యాంజియో, అంటే సిరలోకి రంగు మందు ఎక్కించి రక్తనాళాలను చూపే స్కాన్ తీశాం. ఆ అల్ట్రాసౌండ్ తీసి అప్పటికి 11 రోజులు. బృహద్ధమని 4.8 సెంటీమీటర్లు ఉంది.

11 రోజుల్లో సెంటీమీటరున్నర పైన! మామూలు అనూరిజం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ లెక్కన చూస్తే ఇది కొన్నేళ్ల పెరుగుదల. కొన్నాళ్ల తర్వాత చూద్దామన్న సలహా తప్పా? మామూలు అనూరిజం విషయంలో అది ముమ్మాటికీ సరైన సలహా. కానీ ఆయనకు వచ్చింది మామూలు అనూరిజం కాదు. పేరు ఒకటే అయినా జబ్బు వేరు. ఆ తేడా ఎక్కడుందో చెప్పడానికే ఈ గంట సమయం తీసుకుంటున్నాను.

ధమని గోడ ఎలా ఉంటుందో ముందు చూద్దాం. గోడకు మూడు పొరలుంటాయి. రక్తాన్ని తాకుతూ ఉండే లోపలి పొర చాలా పలుచన, చాలా నునుపు. మధ్య పొరలో కండర కణాలు, రబ్బరులా సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే ఎలాస్టిన్ రేకులు ఉంటాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వచ్చే ఒత్తిడిని తట్టుకునేది ముఖ్యంగా ఈ పొరే. బయటి పొర గట్టి నారతో అల్లినట్టుగా ఉంటుంది, అది ధమని పగిలిపోకుండా కాపాడే చివరి కట్టు. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పెద్ద ధమనుల గోడ మందంగా ఉంటుంది కాబట్టి లోపల పారే రక్తం గోడ మొత్తానికీ అందదు. అందుకని బయటి పొర నుంచి గోడలోకి వెళ్లే సన్నని రక్తనాళాలు ఉంటాయి, అవి రక్తనాళానికి రక్తం అందించే రక్తనాళాలు. వాటిని వాసా వాసోరం అంటారు.

ధమని తన మామూలు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉబ్బితే దాన్ని అనూరిజం అంటాం. పొట్టలోని బృహద్ధమని సుమారు 2 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి 3 సెంటీమీటర్లు దాటితే అనూరిజం కింద లెక్క. వయసు, పొగ, రక్తపోటు, వంశపారంపర్యం, వీటి వల్ల గోడ ఏళ్ల తరబడి బలహీనపడి వచ్చేదే మనకు ఎక్కువగా కనిపించే రకం. దాన్ని కొలుస్తూ కనిపెట్టుకుని ఉంటాం. మగవారిలో 5.5 సెంటీమీటర్లకు చేరితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. పరిమాణమే అక్కడ కొలబద్ద. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన ఉబ్బుకు ఈ కొలబద్ద పనికిరాదు. 3 సెంటీమీటర్ల దగ్గరే పగిలిపోయినవి ఉన్నాయి. ఇక్కడ చూడవలసింది ఎంత పెద్దదన్నది కాదు, ఎంత వేగంగా మారుతోందన్నది. ఈ మాట నేను ఈ గంటలో మళ్లీ మళ్లీ అంటాను, విసుగు చెందకండి.

ఇప్పుడు పేరు సంగతి. వైద్య విద్యార్థులు దీన్ని పుస్తకాల్లో మైకోటిక్ అనూరిజం అన్న పేరుతో చదివి ఉంటారు. మైకోటిక్ అంటే ఏమిటి? శిలీంధ్రానికి సంబంధించినది, అంటే ఫంగస్‌కు సంబంధించినది. కానీ ఈ జబ్బు తెచ్చేది చాలావరకు బ్యాక్టీరియా. కాండిడా, ఆస్పర్జిల్లస్ వంటి శిలీంధ్రాల వల్ల రావడం ఉంది గాని బహు అరుదు. మరి ఈ పేరు ఎలా వచ్చింది? 1885లో విలియం ఓస్లర్ లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో గుల్‌స్టోనియన్ ఉపన్యాసాలు ఇచ్చారు. అప్పటికి ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. గుండె లోపలి పొరకు, కవాటాలకు సోకే ఇన్ఫెక్షన్ ఆ ఉపన్యాసాల విషయం, దాన్ని ఇప్పుడు ఎండోకార్డైటిస్ అంటున్నాం. అందులో ఆయన ఒక యువకుడి కేసు వివరించారు. ఆ యువకుడి గుండె కవాటాల మీద ఇన్ఫెక్షన్ ఉంది, బృహద్ధమని వంపులో ఒకటి కాదు, అనేక ఉబ్బులు ఉన్నాయి. అవి అప్పుడే మొలిచిన పుట్టగొడుగుల్లా కనిపించాయి. ఓస్లర్ వాటికి మైకోటిక్ అన్న విశేషణం వాడారు. ఆ కాలంలో బ్యాక్టీరియాను కూడా చీలిక ద్వారా పెరిగే శిలీంధ్రాలుగా, స్కిజోమైసీట్స్ అన్న పేరుతో వర్గీకరించేవారన్న సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. కాబట్టి ఆయన నాటికి ఆ మాటలో తప్పు లేదు. శాస్త్రం ముందుకు నడిచింది, పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది.

పేరులో ఏముంది అని అడగవచ్చు. ఉంది. మైకోటిక్ అని కాగితం మీద చూసి రోగి బంధువులు ఇంట్లో ఎక్కడో ఫంగస్ ఉందేమోనని భయపడటం నేను చూశాను. జూనియర్ డాక్టర్లు శిలీంధ్రాలకు మందు మొదలుపెట్టాలా అని అడగడమూ చూశాను. అందుకే రక్తనాళాల శస్త్రవైద్యులు ఇటీవలి సంవత్సరాల్లో ఆ పేరు వదిలేసి, ఇన్ఫెక్షన్ సోకిన సహజ బృహద్ధమని అనూరిజం అన్న అర్థం వచ్చే పేరు వాడాలని ప్రతిపాదించారు. సహజ అన్న మాట ఎందుకంటే, అంతకుముందు ఆపరేషన్‌లో ధమని స్థానంలో వేసిన కృత్రిమ గొట్టానికి సోకిన ఇన్ఫెక్షన్ దీనికి భిన్నమైన సమస్య. నేను కూడా ఈరోజు ఇన్ఫెక్షన్ అనూరిజం అనే అంటాను.

బ్యాక్టీరియా గోడలోకి ఎలా చేరుతుంది?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఆలోచించి చూడండి. మనం పళ్లు తోముకున్నప్పుడు, ఏదైనా నమిలినప్పుడు చిగుళ్ల నుంచి కొన్ని బ్యాక్టీరియా రక్తంలోకి పోతూనే ఉంటాయి. అయినా ధమనులకు ఏమీ కాదు. ఎందుకు కాదు? ఆరోగ్యంగా ఉన్న లోపలి పొర మీద అవి అతుక్కోలేవు, అక్కడి రక్తప్రవాహ వేగం వాటిని నిలవనివ్వదు. కాబట్టి ధమనికి ఇన్ఫెక్షన్ సోకాలంటే ఆ రక్షణను దాటుకునే దారి ఏదో ఒకటి దొరకాలి.

మొదటి దారి, ఓస్లర్ చూసిన దారి. గుండె కవాటం మీద బ్యాక్టీరియా, రక్తపు గడ్డ కలిసి పేరుకున్న ముద్ద నుంచి చిన్న తునకలు ఊడి రక్తంలో కొట్టుకుపోతాయి. అవి సన్నని ధమనుల్లో, ముఖ్యంగా ధమనులు చీలే చోట్ల ఇరుక్కుంటాయి. పెద్ద ధమనుల విషయంలో ఇందాక గుర్తుపెట్టుకోమన్న వాసా వాసోరంలో ఇరుక్కుంటాయి. అప్పుడు ఇన్ఫెక్షన్ లోపలి నుంచి కాకుండా గోడ మధ్యలోంచే మొదలవుతుంది. 1923లో ఆల్ఫ్రెడ్ స్టెంగెల్, చార్లెస్ వుల్ఫర్త్ అప్పటిదాకా నమోదైన 217 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, ఐదింట నాలుగు వంతులకు పైగా రోగుల్లో గుండె లోపలి ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. ఆ రోజుల్లో ఈ జబ్బు అంటే గుండె జబ్బుకు కొనసాగింపే.

రెండో దారి ఇప్పుడు మనకు ఎక్కువగా కనిపించేది. వయసు మళ్లినవారి బృహద్ధమనిలో కొవ్వు, సున్నం పేరుకుని లోపలి పొర గరుకుబారి, అక్కడక్కడ పుండ్లు పడి ఉంటుంది. నునుపు పోయిన చోట బ్యాక్టీరియాకు పట్టు దొరుకుతుంది. ఊపిరితిత్తుల నుంచో, మూత్రనాళం నుంచో, పేగుల నుంచో కొద్ది గంటలు రక్తంలోకి వచ్చిన బ్యాక్టీరియా ఆ గరుకు చోట స్థిరపడిపోతుంది. అసలు ఇన్ఫెక్షన్ తగ్గిపోయినా ఇది మిగిలిపోతుంది. నేను చెప్పిన రోగికి జరిగింది ఇదే. నాలుగు రోజుల విరేచనాలను అందరూ మరిచిపోయారు, ఆయనా మరిచిపోయారు. ధమని మాత్రం మరిచిపోలేదు.

మరి రోగులు ఎందుకు మారిపోయారు? 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గమనించారు. 1940లలో అది రోగులకు అందింది. అప్పటిదాకా దాదాపు ప్రాణాంతకమైన ఎండోకార్డైటిస్ నయమయ్యే జబ్బు అయింది. కవాటాల నుంచి తునకలు రావడం తగ్గింది. మరోవైపు మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు, గరుకుబారిన ధమనులతో, మధుమేహంతో, కిడ్నీ జబ్బుతో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో బతుకుతున్నారు. దాంతో ఒకప్పుడు యువకుల జబ్బుగా ఉన్నది ఇప్పుడు ఎక్కువగా అరవై దాటినవారి జబ్బు అయింది. పాత పుస్తకంలోని చిత్రాన్నే మనసులో పెట్టుకుని, గుండె చప్పుడులో తేడా లేదు కాబట్టి ఇది కాదులే అనుకుంటే పొరబడతాం.

మిగిలిన రెండు దారులు క్లుప్తంగా చెబుతాను. పక్కనున్న చీముగడ్డ నుంచో, వెన్నుపూస ఇన్ఫెక్షన్ నుంచో నేరుగా ధమని గోడకు పాకడం ఒకటి. బయటి నుంచి సూది ద్వారానో, గాయం ద్వారానో, ధమనిలోకి పెట్టిన గొట్టం ద్వారానో బ్యాక్టీరియా ప్రవేశించడం మరొకటి. మత్తుమందులను సూదితో ఎక్కించుకునేవారి గజ్జల్లో, తొడ ధమని దగ్గర వచ్చేవి ఈ చివరి రకానివి. ఇక్కడ విద్యార్థులు కాస్త శ్రద్ధగా వినండి. గజ్జలో ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉన్న వాపు చూడగానే చీముగడ్డ అనుకుని కత్తి తీసుకోవద్దు. ముందు చేయి పెట్టి అది నాడిలా కొట్టుకుంటోందా అని చూడండి, స్టెతస్కోప్ పెట్టి లోపల హోరు వినిపిస్తోందా అని వినండి, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ అల్ట్రాసౌండ్ చేయించండి. లోపల ఉన్నది చీము కాకుండా రక్తం అయితే ఆ గాటు ప్రాణం తీస్తుంది. రక్తం గడ్డకట్టి ఉంటే కొట్టుకోవడం చేతికి తెలియకపోవచ్చు కాబట్టి చేతిని మాత్రమే నమ్మవద్దు.

ఏ బ్యాక్టీరియా అన్న ప్రశ్నకు వద్దాం. అన్నిచోట్లా ముందు నిలిచేవి రెండు, స్టెఫైలోకాకస్ ఆరియస్ ఒకటి, సాల్మొనెల్లా ఒకటి. సాల్మొనెల్లా అనగానే మనకు టైఫాయిడ్ గుర్తుకు వస్తుంది. కానీ బృహద్ధమనిని ఎక్కువగా పట్టేవి టైఫాయిడ్ తెచ్చేవి కావు, ఆహారం కలుషితమై విరేచనాలు తెచ్చే ఇతర రకాలు. వాటికి గరుకుబారిన ధమని గోడ మీద ప్రత్యేకమైన మొగ్గు ఉంది. అందుకే యాభై దాటిన మనిషి రక్తంలో సాల్మొనెల్లా పెరిగిందంటే, ముఖ్యంగా మందు ఇస్తున్నా జ్వరం తగ్గకపోయినా, తగ్గి తిరిగి వచ్చినా, బృహద్ధమనిని సీటీతో చూడకుండా ఊరుకోకూడదు. పాశ్చాత్య దేశాల్లో బృహద్ధమని అనూరిజంలలో ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేవి నూటికి ఒకటి రెండు మాత్రమే. తైవాన్ వంటి తూర్పు ఆసియా ప్రాంతాల్లో ఆ వాటా అంతకన్నా ఎక్కువ, అక్కడ సాల్మొనెల్లా పాత్ర కూడా ఎక్కువ.

వేగంగా నడిచే బ్యాక్టీరియాతో పాటు నెమ్మదిగా నడిచేవీ ఉన్నాయి. క్షయ బ్యాక్టీరియా పక్కనున్న లింఫ్ గ్రంథి నుంచో వెన్నుపూస నుంచో బృహద్ధమనికి పాకగలదు. ఊపిరితిత్తిలో క్షయ వల్ల ఏర్పడిన డొల్ల పక్కన పుపుస ధమని శాఖ ఉబ్బడాన్ని డెన్మార్క్ వైద్యుడు రాస్ముసెన్ 1868లో వివరించారు, దానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. దగ్గితే దోసిళ్ల కొద్దీ రక్తం పడటానికి అది ఒక కారణం. మూత్రాశయ క్యాన్సర్‌కు చికిత్సగా లోపలికి ఎక్కించే బీసీజీ (బలహీనపరచిన క్షయ జాతి బ్యాక్టీరియా) కూడా, చాలా అరుదుగా, నెలలో ఏళ్లో గడిచాక బృహద్ధమనిలో బయటపడుతుంది. సిఫిలిస్ గురించి చెప్పకపోతే పెద్దలు అడుగుతారు. అది వాసా వాసోరాన్ని మూసేసి, గుండె నుంచి పైకి లేచే బృహద్ధమని భాగాన్ని పది, ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత ఉబ్బిస్తుంది. దాని నడక వేరు కాబట్టి ఆనవాయితీగా దాన్ని విడిగానే చెబుతారు, నేనూ అక్కడితో ఆపుతాను.

క్యూ జ్వరం గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి. కాక్సియెల్లా బర్నెటీ అన్న బ్యాక్టీరియా మేకలు, గొర్రెలు, పశువుల నుంచి, ముఖ్యంగా అవి ఈనేటప్పుడు వెలువడే ద్రవాల నుంచి గాలిలో కలిసి మనుషులకు సోకుతుంది. 2007 నుంచి 2010 వరకు నెదర్లాండ్స్‌లో పాడి మేకల ఫారాల నుంచి వ్యాపించి 4000కు పైగా మందిలో నమోదైంది. చాలామందికి అది ఫ్లూ లాగా వచ్చి పోయింది. కానీ అప్పటికే అనూరిజం ఉన్నవారిలో, కృత్రిమ గొట్టం వేయించుకున్నవారిలో కొందరికి ఆ బ్యాక్టీరియా గోడలో తిష్ఠవేసి, నెలలు, ఏళ్లు గడిచాక బయటపడింది. మామూలు రక్త కల్చర్‌లో, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్షలో అది పెరగదు. యాంటీబాడీ పరీక్ష అడిగితేనే దొరుకుతుంది, అనుమానం వస్తేనే ఆ పరీక్ష అడుగుతాం. చికిత్స ఏడాదిన్నరకు తగ్గకుండా సాగుతుంది.

గోడలోకి చేరాక ఏం జరుగుతుంది? బ్యాక్టీరియాను చంపడానికి తెల్ల రక్తకణాలు గుంపులుగా వస్తాయి. అవి విడుదల చేసే ఎంజైములు బ్యాక్టీరియాతో పాటు ఎలాస్టిన్‌ను, గోడకు గట్టిదనం ఇచ్చే నార అయిన కొల్లాజెన్‌ను కూడా కరిగించేస్తాయి. బ్యాక్టీరియా ఎంజైములు దానికి తోడవుతాయి. అంటే ధమనిని కూల్చేది శత్రువు ఒక్కడే కాదు, కాపాడటానికి వచ్చిన సైన్యం కూడా. గోడ ఒకవైపు పలచబడుతుంది, ఆ పలచబడిన చోట గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒత్తిడి పడుతుంది. వ్యాసం పెరిగేకొద్దీ, గోడ పలచబడేకొద్దీ గోడ మీద లాగుడు పెరుగుతుందన్నది లాప్లాస్ సూత్రం. సైకిల్ ట్యూబు ఒకచోట అరిగితే గాలి కొట్టినప్పుడు ఆ చోటే బుడగలా పొంగుతుంది కదా, ఇదీ అంతే. అందుకే ఇన్ఫెక్షన్ అనూరిజం సాధారణంగా గొట్టం నలుదిక్కులా సమంగా ఉబ్బినట్టు కాకుండా, ఒక పక్కకు సంచిలా, ఒక్కోసారి గుత్తిలా పొడుచుకు వస్తుంది. చాలా సందర్భాల్లో గోడ అప్పటికే చిల్లుపడి, బయటికి వచ్చిన రక్తాన్ని చుట్టూ ఉన్న కణజాలం మాత్రమే ఆపి ఉంచుతుంది. మనం అనూరిజం అంటున్నది నిజానికి పగిలిపోయి, చుట్టుపక్కల కణజాలం దయవల్ల ఆగి ఉన్న ధమని. వేగం గురించి నేను ఎందుకంత పట్టుబడుతున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

గుర్తుపట్టడం ఎలా?

జ్వరం, నడుము లేదా పొట్ట నొప్పి, పొట్టలో కొట్టుకునే గడ్డ. ఈ మూడూ కలిసి ఉంటే జబ్బును ఎవరైనా గుర్తుపడతారు. కానీ మూడూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే. జ్వరం, నొప్పి మాత్రమే ఉన్నవారు ఎక్కువ. ముసలివారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో జ్వరం కూడా ఉండకపోవచ్చు. నీరసం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం మాత్రమే ఉండవచ్చు. తెల్లకణాల సంఖ్య, ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ, ఈఎస్ఆర్ అనే రక్తపరీక్షల విలువలు పెరిగి ఉంటాయి గాని అవి ఏ ఇన్ఫెక్షన్‌లోనైనా పెరుగుతాయి. కారణం దొరకని జ్వరం, తగ్గని నొప్పి కలిసి ఉన్న పెద్దవయసు మనిషిని చూసినప్పుడు, వెన్నెముక గురించి ఆలోచించే వైద్యుడు దాని ముందే ఆనుకుని ఉన్న బృహద్ధమని గురించి కూడా ఆలోచించాలి. రెండింటికీ మధ్య దూరం ఎంతో లేదు.

రక్త కల్చర్ గురించి ఒక విన్నపం. యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇవ్వకముందే వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండు మూడు సెట్లు తీయండి. మా రోగికి రెండు దఫాలు ఐదేసి రోజుల మందు పడింది. ఆ మందు జబ్బును నయం చేయలేదు, జబ్బు ముఖానికి ముసుగు మాత్రం వేసింది. మొదటి రెండు సెట్లలో ఏమీ పెరగలేదు. మూడో దానిలో సాల్మొనెల్లా పెరిగింది. కల్చర్‌లో ఏమీ పెరగలేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదని అనుకోవద్దు. ఈ జబ్బు నిర్ధారణ అయినవారిలోనూ గణనీయమైన భాగానికి కల్చర్ నెగటివ్‌గా వస్తుంది. అందుకే ఆపరేషన్‌లో తీసిన ధమని గోడ ముక్కను కూడా కల్చర్‌కు పంపాలి, వీలుంటే బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు కూడా పంపాలి.

సీటీ యాంజియోలో ఏం చూస్తాం? ఒక పక్కకు పొడుచుకు వచ్చిన సంచి, ధమని చుట్టూ మసకబారిన కొవ్వు, మెత్తటి కణజాలం ముద్ద, అక్కడక్కడ గాలి బుడగలు, పక్క వెన్నుపూస కొరికేసినట్టు తరిగిపోవడం. వయసు మళ్లినవారి ధమనిలో గోడ పొడుగునా ఉండే సున్నపు గీత, ఉబ్బిన చోట హఠాత్తుగా తెగిపోవడం మంచి ఆధారం. వీటన్నిటికన్నా బలమైన ఆధారం పాత చిత్రం. పక్కపక్కన పెట్టి చూస్తే రోజుల్లో మారిన ఆకారం తనంత తానే చెబుతుంది. కాబట్టి రోగులు, బంధువులు పాత స్కాన్‌లను పారేయకుండా తెచ్చి చూపించాలి. మా రోగి కుమార్తె ఆ పాత అల్ట్రాసౌండ్ కాగితాన్ని ఫైలులో భద్రంగా పెట్టి ఉండకపోతే, 4.8 సెంటీమీటర్లను మేం మామూలు అనూరిజం అనుకుని ఉండేవాళ్లమేమో.

మెదడు ధమనుల సంగతి వేరు, కాబట్టి కొంచెం విడిగా చెబుతాను. గుండె కవాటాల ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో వందకు ఇద్దరి నుంచి నలుగురిలో మెదడు ధమనుల్లో ఇలాంటి ఉబ్బులు కనిపిస్తాయి. మామూలు మెదడు అనూరిజం మెదడు అడుగున పెద్ద ధమనులు కలిసే వలయం దగ్గర వస్తుంది. ఇవి మాత్రం ఎక్కువగా మధ్య మస్తిష్క ధమని కొసల్లో, సన్నని కొమ్మల్లో వస్తాయి, ఎందుకంటే తునకలు కొట్టుకుపోయి ఆగేది అక్కడే. పగలనివి కొన్ని యాంటీబయాటిక్‌తోనే చిన్నవై మాయమవుతాయి, అందుకని తరచూ స్కాన్ తీస్తూ గమనిస్తాం. పెరుగుతున్నా, పగిలినా రక్తనాళం లోపలి నుంచి మూసేయడమో, ఆపరేషన్ చేయడమో తప్పదు. కవాటం ఇన్ఫెక్షన్ ఉన్న రోగి కొత్తగా తీవ్రమైన తలనొప్పి అంటే, రక్తం పలచబరిచే మందులు కొనసాగించే ముందు మెదడు స్కాన్ చూడాలి.

ఇక చికిత్స. యాంటీబయాటిక్ ఇస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. బృహద్ధమని విషయంలో సాధారణంగా చాలదు. మందు బ్యాక్టీరియాను చంపగలదు గాని కరిగిపోయిన గోడను తిరిగి కట్టలేదు. అందుకే మందు, శస్త్రచికిత్స రెండూ కావాలి. పాత పద్ధతిలో కుళ్లిన ధమనిని పూర్తిగా తీసేసి, రెండు కొసలూ మూసేసి, ఇన్ఫెక్షన్ లేని దారిలో, అంటే చంక దగ్గరి ధమని నుంచి తొడ ధమనులకు చర్మం కింద గొట్టం వేసి కాళ్లకు రక్తం అందిస్తారు. కొత్త గొట్టం ఇన్ఫెక్షన్‌కు దూరంగా ఉంటుంది. కానీ అధిక పీడనంతో కొట్టుకునే బృహద్ధమని కుట్టేసిన మోడు తర్వాత ఎప్పుడైనా తెగిపోవచ్చు, పొడవాటి గొట్టం మూసుకుపోవచ్చు. రెండో పద్ధతిలో కుళ్లిన భాగాన్ని శుభ్రంగా తీసేసి, అదే చోట కొత్త నాళం వేస్తారు. దానికి రోగి తొడ లోపలి సిరను గాని, దాతల నుంచి సేకరించి అతిశీతల స్థితిలో భద్రపరచిన ధమనిని గాని, పశువు గుండె పొరతో చేసిన గొట్టాన్ని గాని, రిఫాంపిసిన్ అన్న యాంటీబయాటిక్‌లో నానబెట్టిన కృత్రిమ గొట్టాన్ని గాని వాడతారు. తర్వాత పేగుల ముందు వేలాడే కొవ్వు పొరను, ఒమెంటంను తెచ్చి కొత్త నాళం చుట్టూ చుడతారు. దానిలో రక్తప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి మందును, తెల్లకణాలను అక్కడికి చేరుస్తుంది, పేగుకు, నాళానికి మధ్య అడ్డుగోడగా కూడా నిలుస్తుంది. ఆ అడ్డు లేకపోతే చిన్నపేగు మొదటి భాగం నాళానికి అతుక్కుని చిల్లుపడి, రక్తం పేగులోకి పోయే ప్రమాదం ఉంది.

గజ్జలోంచి గొట్టం పంపి లోపలి నుంచి స్టెంట్ గ్రాఫ్టు, అంటే లోహపు జాలికి గుడ్డ తొడిగిన గొట్టం వేసే పద్ధతి గురించి ఎప్పుడూ వాదన నడుస్తూనే ఉంటుంది. పొట్ట కోయనవసరం లేదు, పగిలిపోతున్న ధమనిని గంటలోపు అదుపు చేయవచ్చు, బలహీనంగా ఉన్న వృద్ధులు కూడా తట్టుకుంటారు. అయితే ఇన్ఫెక్షన్ ఉన్న చోటనే కృత్రిమ వస్తువు పెట్టి, కుళ్లిన గోడను అక్కడే వదిలేస్తున్నాం. సూత్రప్రకారం అది శస్త్రచికిత్స నియమానికి విరుద్ధం. అయినా యూరప్ అనుభవం చూస్తే మొదటి వారాల్లో ప్రాణాలు నిలపడంలో అది బాగా పనిచేసింది, ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం మాత్రం తర్వాత వేధించే సమస్యగా మిగిలింది. నా అభిప్రాయం అడిగితే, రక్తస్రావం అవుతున్న మనిషిని బతికించడానికి నేను సంకోచం లేకుండా దాన్ని వాడతాను. ఆపరేషన్ తట్టుకోగల మనిషికి జ్వరం అదుపులోకి వచ్చాక కుళ్లిన గోడ తీసేయడమే మేలని నమ్ముతాను. దీన్ని ఒప్పుకోని సహోద్యోగులు నాకు ఉన్నారు, వారి వాదనలోనూ బలం ఉంది.

మందు ఎంతకాలం వాడాలన్నదానికి కనీసం ఆరు వారాలు సిర ద్వారా అన్నది ఆరంభం మాత్రమే. ఆ తర్వాత మాత్రలుగా కొన్ని నెలలు, కృత్రిమ నాళం లోపల ఉంటే కొందరికి ఏళ్లు, మరికొందరికి జీవితాంతం. ఏ బ్యాక్టీరియా, ఏ నాళం, రోగి శక్తి ఎంత, సీఆర్‌పీ తగ్గి తగ్గినట్టే ఉందా అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తాం.

మా రోగి విషయం చెప్పి ముగిస్తాను, చాలామంది ముఖాల్లో ఆ ప్రశ్న కనిపిస్తోంది. సీటీ తీసిన మర్నాడు రాత్రి ఆయన నొప్పి ఉన్నట్టుండి పెరిగింది. తెల్లవారేలోగా ఆపరేషన్ మొదలైంది. ధమని వెనక గోడ అరంగుళం మేర లేదు, వెన్నెముక ముందు పొరే రక్తాన్ని ఆపి ఉంచింది. కుళ్లిన భాగం తీసేసి, ఆయన తొడ సిరతో నాళం కట్టి, ఒమెంటంతో చుట్టాం. ఆరు వారాలు సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చాం, తర్వాత తొమ్మిది నెలలు మాత్రలు వాడారు. మాత్రలు ఆపి ఇప్పటికి రెండేళ్లు దాటింది. సిర తీసిన కాలు సాయంత్రానికి వాస్తుంది, దానికి మేజోడు వేసుకుంటున్నారు. ఈ ఏడాది తీసిన సీటీలో కొత్త నాళం చుట్టూ కొవ్వు మామూలుగా, మసక లేకుండా ఉంది. ఆ చిత్రాన్నీ, మొదటి సీటీ చిత్రాన్నీ బయట బల్ల మీద పక్కపక్కన పెట్టించాను, వెళ్లేటప్పుడు చూడండి.